ఆమెకే వినపడే మాటలు



ఒక ఇంటి సంగతి అనుకుందాం. ఇది ఫలానా ఊరు, ఫలానా ఇల్లు అని కాదు. ఇలాంటి ఇల్లు ఏ మండలంలో వెతికినా కనపడుతుంది.

ఆ ఇంట్లో పెద్దకోడలు ఉంది. ఇరవై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లలు. నాట్లకు పోయేది. కలుపుకు పోయేది. పొదుపు సంఘంలో డబ్బు లెక్క ఆమే చూసేది. నవ్వితే నాలుగిళ్ళకు వినపడేది.

ఆరు నెలల నుంచి ఆ నవ్వు లేదు.

స్నానం చేయదు. తల దువ్వుకోదు. చిన్నపిల్ల ఏడుస్తున్నా ఎత్తుకోదు. రాత్రిళ్ళు నిద్ర పోదు. అన్నం పెడితే వాసన చూసి పళ్ళెం పక్కకు నెడుతుంది. "దీంట్లో మందు కలిపారు" అంటుంది. కుళాయి కింద బిందె పెడుతుంది. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా చూడదు. ఏదో గొణుగుతూ ఉంటుంది.

"ఎవరితో మాట్లాడుతున్నావక్కా?" అని తోటికోడలు అడిగింది.

"వాళ్ళే. గోడ వెనక ఉన్నారు. నన్ను తిడుతున్నారు. నీకు వినపడటం లేదా?"

తోటికోడలు గోడ వెనక్కి వెళ్ళి చూసి వచ్చింది. అక్కడ ఎవరూ లేరు. ఒక మేక కట్టేసి ఉంది, అంతే.

"గాలి సోకింది" అంది అత్త. మంత్రగాణ్ణి పిలిపించింది. అతను వేపమండలతో కొట్టాడు. కళ్ళల్లో పొగ పెట్టాడు. తాయెత్తు కట్టాడు. కోడి, నిమ్మకాయలు, కల్లు, ఎనిమిది వేల రూపాయలు పట్టుకుపోయాడు. ఆ డబ్బు సంఘంలో తీసిన అప్పు.

"పని ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతోంది" అన్నాడు భర్త.

"మీరే మా పిల్లను ఇలా చేశారు" అన్నారు పుట్టింటివాళ్ళు.

"పక్కింటి ముసలామె చూపు మంచిది కాదు. ఆమే ఏదో చేసింది" అన్నారు ఊళ్ళో కొందరు.

ఇంతమంది ఇన్ని మాటలు అన్నారు. ఆసుపత్రి మాట ఒక్కరూ అనలేదు.

జబ్బు పేరు

ఇది మెదడుకు వచ్చే జబ్బు. పేరు పలకడం కొంచెం కష్టం. విడదీసి చదవండి. స్కి - జో - ఫ్రీ - ని - యా. ఇప్పుడు కలిపి చదవండి. స్కిజోఫ్రీనియా.

ఈ పేరు 1908లో స్విట్జర్లాండ్ దేశపు డాక్టరు ఒకాయన పెట్టాడు. ఆయన పేరు బ్లాయిలర్. పేరుకు అర్థం చీలిన మనసు. ఈ అర్థం పట్టుకుని సినిమాల్లో ఒకే మనిషి ఇద్దరు మనుషులుగా మారిపోయినట్టు చూపిస్తారు. అది ఈ జబ్బు కాదు. ఇక్కడ మనిషి ఒక్కరే. ఆమె ఆలోచన, ఆమె చూపు, ఆమె వినికిడి ఒకదానితో ఒకటి పొసగకుండా పోతాయి.

ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెబుతోంది. మీ ఊళ్ళో మూడు వేల మంది ఉంటే, లెక్కకు పదిమంది అన్నమాట. పదిమందీ కనపడరు. కొందరిని ఇంట్లో దాచి పెడతారు.

మగవాళ్ళకు ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ ప్రాయంలో మొదలవుతుంది. ఆడవాళ్ళకు కొంచెం ఆలస్యంగా, ఇరవై అయిదు దాటాక వస్తుంది. అప్పటికి చాలామందికి పెళ్ళయిపోయి ఉంటుంది. పిల్లలు పుట్టి ఉంటారు. ఆడవాళ్ళకు ఈ జబ్బు అత్తగారింట్లో బయటపడటానికి ఇదే కారణం. "పెళ్ళికి ముందే ఉంది, దాచి పెట్టి మాకు అంటగట్టారు" అని గొడవ పడే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

చేసి చూద్దాం

ఆ మాటలు వినపడటం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఒక పని చేయండి. సంఘం మీటింగు రోజు నలుగురు కూర్చోండి. ఒకామె మధ్యలో కూర్చోవాలి. ఇద్దరు ఆమె రెండు చెవుల దగ్గర కూర్చుని గుసగుసగా మాట్లాడాలి. ఒకామె తిట్టాలి. "నువ్వు పనికిరావు. అందరూ నిన్నే చూస్తున్నారు" అనాలి. ఇంకొకామె "లే, బయటికి పో" అంటూ ఉండాలి. ఆపకూడదు. నాలుగో ఆమె ఎదురుగా కూర్చుని, మధ్యలో ఉన్నామెకు పది రూపాయల నోట్లు ఇచ్చి లెక్క పెట్టమనాలి.

రెండు నిమిషాలు చాలు. లెక్క తప్పుతుంది. చిరాకు వస్తుంది. "ఇక ఆపండే" అని అరుస్తారు.

మీరు ఆపమంటే వాళ్ళు ఆపారు. కోడలి చెవిలో మాటలు ఆగవు. పొద్దున్నా, రాత్రీ, పొయ్యి దగ్గరా, పొలంలోనూ అవే. అలాంటప్పుడు బిందె నిండినది కనపడుతుందా? బిడ్డ ఏడుపు వినపడుతుందా?

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు నిజంగానే వినపడుతోంది. ఈ మాటలు వినపడే సమయంలో కొందరి మెదడును యంత్రాలతో చూశారు. మాటకూ, వినికిడికీ సంబంధించిన భాగాలు పని చేస్తూ కనపడ్డాయి. బయట శబ్దం లేదు. మెదడులో మాత్రం ఉంది.

అన్నంలో మందు కలిపారనడం కూడా ఇలాంటిదే. ఎంత చెప్పినా ఆ అనుమానం పోదు. మనం తిని చూపించినా పోదు.

ఇంకొక రకం లక్షణాలు ఉన్నాయి. వీటిని చాలామంది జబ్బు అనుకోరు. ఎవరితోనూ మాట్లాడకపోవడం. ఏ పని మీదా మనసు లేకపోవడం. నవ్వూ ఏడుపూ రెండూ లేకుండా గోడ చూస్తూ కూర్చోవడం. "బద్ధకం" అని తిడతాం. ఇవి జబ్బు లక్షణాలే. మందులకు కూడా ఇవి తొందరగా లొంగవు.

ఎందుకు వస్తుంది?

ఒక్క కారణం చెప్పలేం. మెదడులో కబుర్లు మోసే రసాయనాలు ఉంటాయి. అందులో డోపమైన్ అనేది ఒకటి. ఈ జబ్బులో దాని పని తీరు మారుతుంది. కొంత వంశం నుంచి వస్తుంది. తల్లికో, తండ్రికో ఈ జబ్బు ఉంటే, పిల్లల్లో నూటికి పదిమంది దాకా రావచ్చు. అంటే తొంభైమందికి రాదు. కుర్రాళ్ళు గంజాయికి అలవాటు పడితే ముప్పు పెరుగుతుంది. పెద్ద కష్టం, పెద్ద దిగులు వచ్చినప్పుడు లోపల ఉన్నది బయటపడవచ్చు.

తల్లి పెంపకం సరిగా లేక వచ్చిందంటారు. ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే అలా రాశారు. అది తప్పని తేలింది. పెళ్ళి చేస్తే తగ్గిపోతుందంటారు. తగ్గదు. ఇంకొక కుటుంబం కూడా ఇబ్బంది పడుతుంది.

చేతబడి, బాణామతి, చిల్లంగి మాట కూడా చెప్పుకోవాలి. ఒక ఇంట్లో ఒకరికి మతి చలిస్తే, ఊరు ఇంకొకరి మీద పడుతుంది. ఆ ఇంకొకరు ఎవరు? ఎక్కువగా ఒంటరి ముసలామె, విధవరాలు, పేదది. అనుమానం మీద పళ్ళు ఊడగొట్టిన సంగతులు, ప్రాణాలు తీసిన సంగతులు మన పత్రికల్లో వచ్చాయి. ఒక జబ్బుకు రెండు ఇళ్ళు నాశనం.

ఆసుపత్రిలో

ఆ ఊరి ఆశా కార్యకర్త ఒకరోజు పిల్ల టీకా కోసం ఆ ఇంటికి వచ్చింది. కోడల్ని చూసింది. అత్తతో, "పిన్నీ, గుడికి పోతే పో, వద్దనను. నా మాట విని ఒక్కసారి జిల్లా ఆసుపత్రికి కూడా రా" అంది. అత్త మొదట ఒప్పుకోలేదు. "పిచ్చాసుపత్రికి తీసుకుపోతే ఊరంతా నవ్వుతుంది" అంది. మనం కూడా కోపం వస్తే "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అని తిడతాం కదా! హైదరాబాదు ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ ఆసుపత్రి. విశాఖపట్నంలోనూ ఒకటి ఉంది. గుండెకు ఆసుపత్రి ఉన్నట్టే మనసుకూ ఉంది. దాని పేరును తిట్టు చేసింది మనమే.

చివరికి వెళ్ళారు. డాక్టరమ్మ ముందు అత్తను అడిగింది.

"ఎప్పటి నుంచి ఇలా ఉందమ్మా?"

"దీపావళి ముందు నుంచి తల్లీ. ఎవరో చేశారంటున్నారు."

డాక్టరమ్మ దానికి ఏమీ అనలేదు. కోడలి వైపు తిరిగింది. "ఏం వినపడుతోందమ్మా నీకు?" అని అడిగింది.

కోడలు చాలాసేపటికి నోరు విప్పింది. చెప్పింది. ఆరు నెలల్లో ఆమెను ఈ మాట అడిగినవాళ్ళు తోటికోడలు తప్ప ఎవరూ లేరు.

"అవి నాకు వినపడటం లేదు" అంది డాక్టరమ్మ. "నీకు వినపడుతున్నాయి. నీకు ఎంత భయంగా ఉందో నాకు తెలుస్తోంది. ఆ భయం తగ్గడానికి మందు ఇస్తాను."

ఈ మాట గుర్తు పెట్టుకోండి. "అవును, గోడ వెనక ఉన్నారు" అని ఒప్పుకోలేదు. "అంతా నీ భ్రమ" అని కొట్టి పారేయలేదు. ఇంట్లో మనం కూడా ఇలాగే మాట్లాడాలి.

మందుల సంగతి

1952కు ముందు ఈ జబ్బుకు సరైన మందు లేదు. ఆ ఏడు ఫ్రాన్సు దేశంలో పారిస్ నగరంలో క్లోర్ ప్రోమజైన్ అనే మందును మానసిక రోగులకు ఇచ్చి చూశారు. గొలుసులూ, గదులూ తప్ప దారి లేని చోట మనుషులు మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత చాలా మందులు వచ్చాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో వీటిని ఉచితంగా ఇస్తారు. మాత్ర మింగనివాళ్ళకు రెండు వారాలకో, నెలకో ఒకసారి చేసే ఇంజెక్షన్లు ఉన్నాయి.

మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే నిద్ర పడుతుంది. మాటలు వినపడటం తగ్గడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. పది రోజులు చూసి "ఈ మందు పని చేయలేదు" అని మానేయవద్దు.

కోడలికి రెండు నెలల్లో గోడ వెనక మాటలు సన్నబడ్డాయి. మూడో నెలలో ఆగిపోయాయి. అన్నం తింటోంది. పిల్లకు జడ వేసింది. నాలుగో నెలలో భర్త అన్నాడు: "బాగయింది కదా. ఇంకా ఎందుకు ఆ మాత్రలు? ఒక రోజు కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరుగుతాం?"

మానేశారు. ఏడు వారాలకు మాటలు తిరిగి వచ్చాయి. ఈసారి ఇంకా గట్టిగా.

ఎక్కువ ఇళ్ళల్లో జరిగేది ఇదే. జ్వరం మాత్ర లాంటిది కాదు ఇది. షుగరు మాత్ర లాంటిది. బాగున్నారంటే మందు వల్లే బాగున్నారు. మొదటిసారి వచ్చి తగ్గినవాళ్ళు కూడా తగ్గిన తర్వాత కనీసం ఒకటి రెండేళ్ళు వాడాలని డాక్టర్లు చెబుతారు. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు ఏళ్ళ తరబడి వాడాలి. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి. మొగుడు కాదు, అత్త కాదు, మందుల షాపతను కాదు.

మందులతో ఇబ్బందులు లేవా? ఉన్నాయి. దాచి పెట్టి లాభం లేదు. ఒళ్ళు బిగుసుకుపోవచ్చు. చేతులు వణకవచ్చు. నోట్లో చొంగ కారవచ్చు. కాలు ఒకచోట నిలవదు. మత్తుగా ఉంటుంది. బరువు పెరుగుతారు. ఆడవాళ్ళకు ఇంకొకటి ఉంది. కొన్ని మాత్రలకు నెలసరి ఆగిపోతుంది. రొమ్ముల్లో పాలు వస్తాయి. ఇంట్లో అనుమానాలు మొదలవుతాయి. భర్త దుబాయిలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు! ముందు మూత్ర పరీక్ష చేయించి కడుపు కాదని తేల్చుకోండి. తర్వాత డాక్టరుకు చెప్పండి. ఇది సిగ్గుపడే విషయం కాదు. మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. కడుపుతో ఉన్నా సరే, సొంతంగా మందు మానవద్దు. వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మందు ఒక్కటే చాలదు. ఇంట్లో పొద్దస్తమానం తిట్లూ, ఎత్తిపొడుపు మాటలూ ఉంటే జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. లండన్ లోనూ, మన దేశంలో చండీగఢ్ లోనూ పరిశీలించి చూశారు. చిన్న చిన్న పనులు చెప్పాలి. చేస్తే బాగుందనాలి. చేయలేకపోతే ఊరుకోవాలి.

"చచ్చిపోతాను" అని ఆమె అంటే మాటవరసకు అంటోందనుకోవద్దు. ఈ జబ్బులో ప్రాణం తీసుకునే ముప్పు ఎక్కువ. వినపడే మాటలే అలా చెయ్యమని చెప్పవచ్చు. పురుగుల మందు డబ్బా ఇంట్లో ఉంచవద్దు. ఆమెను ఒంటరిగా వదలవద్దు.

వీళ్ళు మీద పడి కొడతారని భయపడతాం. చాలామంది ఎవరినీ ఏమీ చేయరు. దెబ్బలు తినేది, మోసపోయేది, చెడిపోయిన మగవాళ్ళ చేతిలో పడేది ఎక్కువగా వాళ్ళే.

గొలుసులు

తమిళనాడులో రామనాథపురం జిల్లా ఉంది. అక్కడ ఎర్వాడి అనే ఊరు ఉంది. ఒక దర్గా ఉంది. అక్కడికి తీసుకుపోతే మతి కుదురుతుందని అన్ని మతాలవాళ్ళూ నమ్మారు. దర్గా చుట్టుపక్కల ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. ఇంటివాళ్ళు డబ్బు కట్టి మనుషుల్ని వదిలి వచ్చేవాళ్ళు. పారిపోకుండా గొలుసులు వేసేవాళ్ళు.

2001 ఆగస్టు 6న తెల్లవారుజామున ఒక ఆశ్రమానికి నిప్పు అంటుకుంది. పాక తగలబడింది. గొలుసులతో ఉన్నవాళ్ళు లేవలేకపోయారు. 28 మంది చనిపోయారు. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 మే నుంచి అమలులో ఉంది. ఈ చట్టం ప్రకారం మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదు. పేదవాళ్ళకు ప్రభుత్వ వైద్యం ఉచితం. అది దయ కాదు, హక్కు.

కాపురం

చెన్నైలో స్కార్ఫ్ అనే సంస్థ ఉంది. 1984లో డాక్టర్ శారదా మీనన్ దాన్ని మొదలుపెట్టారు. మన దేశంలో మొదటి మహిళా మానసిక వైద్యురాలు అని ఆమెకు పేరు. ఆ సంస్థవాళ్ళు ఈ జబ్బు వచ్చి కాపురం పోయిన ఆడవాళ్ళతో మాట్లాడారు. చాలామందిని విడాకుల కాగితం కూడా లేకుండా పుట్టింట్లో వదిలేశారు. మనోవర్తి లేదు. ముసలి తల్లిదండ్రులే చూసుకుంటున్నారు. భర్త వేరే పెళ్ళి చేసుకున్నా, కొందరు తాళి తీయలేదు. వస్తాడని చూస్తున్నారు.

భర్తకు ఈ జబ్బు వస్తే? భార్య కూలికి పోయి, అతనికి మందులు వేసి, పిల్లల్ని సాకుతుంది. ఎవరూ ఆమెను "వదిలెయ్" అనరు. అది ధర్మం అంటారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మీరే మాట్లాడుకోండి.

ఈ జబ్బు ఉందని చెప్పగానే విడాకులు ఇవ్వరు. జబ్బు ఎంత తీవ్రంగా ఉందో, కలిసి బతకడం నిజంగా సాధ్యం కాదో కోర్టు చూడాలి. 1988లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. 2013లో తెలుగు దంపతుల కేసులో మళ్ళీ చెప్పింది. భార్యకు స్కిజోఫ్రీనియా ఉందని భర్త విడాకులు అడిగాడు. ఆ భార్య పెద్ద చదువు పూర్తి చేసింది. ప్రభుత్వ ఉద్యోగం చేసింది. భర్తకు విడాకులు ఇవ్వడానికి కోర్టు ఒప్పుకోలేదు.

ఎవరిని అడగాలి?

14416కు ఫోను చేయండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. దీని పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బు ఖర్చు లేదు. రాత్రయినా, పగలయినా తెలుగులో మాట్లాడతారు. ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. ఈ నంబరు గోడ మీద మీ చేత్తో రాసి పెట్టుకోండి.

జబ్బు వల్ల ఏళ్ళ తరబడి పని చేయలేకపోతున్నవాళ్ళకు వికలాంగుల ధ్రువపత్రం కూడా ఉంది. మన వాళ్ళు సదరం సర్టిఫికెట్ అంటారు. 2016 చట్టం ప్రకారం మానసిక జబ్బు కూడా అందులోకి వస్తుంది. నూటికి 40 పాళ్ళు, ఆ పైన ఉందని డాక్టర్లు రాస్తే పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చు.

ఆ ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. పూర్తిగా కోలుకునేవాళ్ళు ముగ్గురిలో కనీసం ఒకరు ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మిగతావాళ్ళు కొంత జబ్బుతోనే బతుకు నెట్టుకొస్తారు. మన కోడలు ఏ లెక్కలోకి వస్తుందో ఇప్పుడే చెప్పలేం. మళ్ళీ మందులు మొదలుపెట్టి ఏడాది అయింది. పాత నవ్వు ఇంకా రాలేదు. అప్పుడప్పుడు గోడ వెనక ఏదో వినపడుతుంది. "మళ్ళీ వచ్చారు, కానీ మెల్లగా మాట్లాడుతున్నారు" అని తోటికోడలికి చెబుతుంది. మాత్ర వేసుకున్న రోజు క్యాలెండరులో గీత పెడుతుంది. ఆ గీతలు అత్త కూడా లెక్క పెడుతుంది. అత్తకు అంకెలు వచ్చింది ఈ మధ్యనే.

పోయిన నెల సంఘం మీటింగుకు కోడలు వచ్చింది. లెక్కల పుస్తకం తెరిచి కూడింది. ఒకచోట తప్పు పోయింది. పక్కనామె "మళ్ళీ కూడు వదినా, తొందరేం లేదు" అంది. మళ్ళీ కూడింది. సరిపోయింది.